గుడ్డ కప్పిన సిలిండరు

మా ఇంట్లో గ్యాసు లేక కాదు. ఉజ్జ్వల కింద వచ్చిన సిలిండరు వంటింటి మూల ఉండేది, మీద పాత చీర ముక్క కప్పి. చుట్టాలొస్తే టీకి, కట్టెలు తడిసిన రోజున అన్నానికి. మిగతాదంతా కట్టెపొయ్యే. సిలిండరు తెచ్చుకోవాలంటే ముందు మొత్తం డబ్బు కట్టాలి, సబ్సిడీ తర్వాతెప్పుడో బ్యాంకులో పడుతుంది. జీడితోటలో ఎండుకొమ్మకి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. నేనే ఇంటి లెక్కలు రాసేదాన్ని కాబట్టి అత్తని ఒక్కదాన్నే అనడానికి లేదు.

మాది ఒడిశాలో గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర ఊరు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. కన్నవారిల్లు ఇవతల పాతపట్నం వైపు. మొదటి కాన్పు అక్కడే అయింది, పెద్దోడు. రెండోది అత్తవారింట్లో, 2019 జనవరిలో.

ఉప్పుడు బియ్యం తినే ఇళ్లు మావి. కోతలయ్యాక వడ్లు ఉడకబెట్టాలి. ఎనిమిదో నెలలో నేను ఆ పొయ్యి దగ్గరే కూర్చున్నాను. పెద్ద గుండిగ, కింద పచ్చి ఆరని కంప, మధ్యమధ్యన గుప్పెడు ఊక. ఊక మండదు, రాజుకుంటుంది. ఆ పొగ కళ్లలో కన్నా ముందు గొంతులో దిగుతుంది. ఊదుగొట్టంతో ఊదాలంటే నిండుగా గాలి పీల్చాలి కదా, పీల్చేది ఆ పొగనే. రాత్రి పడుకున్నాక దగ్గు, దగ్గితే పొట్ట బిగుసుకోవడం. “కడుపుతో ఉన్నోళ్లకి ఇది మామూలేనే అమ్మీ,” అనేది అత్త. ఆవిడకీ దగ్గుంది. ఇద్దరం గోడకి చెరోపక్కా దగ్గేవాళ్లం.

పాప 2.1 కిలోలు పుట్టింది. రెండున్నర కిలోలైనా ఉండాల్సింది.

ఇంటికొచ్చాక పురిటి గది. పుష్యమాసం చలి, కిటికీకి గోనెసంచి, నులకమంచం కింద నిప్పుల కుంపటి, స్నానమయ్యాక పాపకి రెండు పూటలా సాంబ్రాణి. ఆ గదిలో నాకెంత సుఖంగా ఉండేదో! కాళ్లు వెచ్చగా, ఒళ్లంతా సాంబ్రాణి వాసన. మా అమ్మా పెద్దోడికి ఇవే చేసింది. అవి నాకు పొగ అని తట్టనే లేదు. పొగంటే వంటింట్లోది అనుకునేదాన్ని.

ఐదో వారంలో పాలు తాగుతూ తాగుతూ వదిలేసి ఆయాసపడటం మొదలెట్టింది. ముందు చూపించిన చోట జలుబన్నారు, చుక్కలమందు ఇచ్చారు. మూడో రోజుకి డొక్కలెగరేస్తోంది. వాతలు పెట్టించమని వీధిలో ఒకావిడ సలహా. “నా మనవరాలికి నిప్పు తగలనీను,” అని ఆవిడ గుమ్మం దిగేదాకా అత్త ఊరుకోలేదు. ఆ ఒక్క మాటకి అత్తకి నేనెప్పటికీ బాకీ. తర్వాత ఆశా దీదీ వచ్చింది. పాప చొక్కా ఎత్తి, వాచీ చూస్తూ నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టింది. 72. రెండు నెలల్లోపు పిల్లకి 60 వచ్చిందంటే ఇంట్లో ఉంచకూడదట. 108కి ఫోన్ చేసింది కూడా తనే.

పర్లాకిమిడిలో తొమ్మిది రోజులు. ముక్కులో ఆక్సిజన్ గొట్టాలు, కాలికి సూది, గొట్టంతో పాలు. మొదటి రెండు రాత్రులూ రక్తంలో ఆక్సిజన్ చూపే మెషీన్ మీద అంకె చూస్తూ గడిపాను: 86, 88, మళ్లీ 85. మూడో నాడు 94 దగ్గర నిలబడింది. ఐదో నాడు రొమ్ము పట్టింది. ఆరో నాడు ఏడ్చింది, గట్టిగా, వార్డంతా వినబడేలా. అంతకుముందు మూలుగే.

డాక్టరుగారు వంట చులీ మీదా, అంటే కట్టెపొయ్యి మీదా, అని ఒడియాలో అడిగారు. నేను తలూపి, కుంపటి సంగతీ చెప్పాను. ఆయన తిట్టలేదు. నిప్పులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడు తల్లి రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుందని, మాయ దాటి కడుపులో బిడ్డదాకా పోతుందని చెప్పారు. పొగ కనబడని బొగ్గుల్లోంచి కూడా అది వస్తుందట. నా కుంపటిలో పొగ కనబడేది కాదు. ఇంకో మాటన్నారు, అదే నన్ను నిలబెట్టింది: ఊపిరితిత్తుల్లో గాలి గదులు పుట్టాక కూడా కొన్నేళ్లు కొత్తవి వస్తూనే ఉంటాయి.

కొన్నేళ్ల తర్వాత ఫోన్లో దీని గురించి వెతికాను. ఘనాలో గర్భిణులు పీల్చిన కార్బన్ మోనాక్సైడు కొలిచి, పుట్టిన నెలకి పిల్లల ఊపిరి పరీక్షించారు. ఎక్కువ పీల్చిన తల్లుల పిల్లల్లో ఊపిరితిత్తుల పనితీరు తగ్గింది, ఆడపిల్లల్లో మరీ. అది చదివి చాలాసేపు ఏడ్చాను. ఇంకో పరిశోధన 4 దేశాల్లో, మన దేశంలో తమిళనాడులో, మొత్తం 3,200 మంది గర్భిణులతో చేశారు. సగం మందికి గ్యాసు ఉచితంగా ఇచ్చారు. పొగ బాగా తగ్గింది గానీ, పుట్టినప్పటి బరువులో, పసిపిల్లల తీవ్ర న్యుమోనియాలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అత్తకిది చదివి వినిపిస్తే, “మరింకేటి? పెద్దోడికీ అదే కుంపటి కదా, ఆడికేటయింది?” అంది. ఆవిడ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నా పాపకి జబ్బు ఆ పొగవల్లే వచ్చిందని ఏ డాక్టరూ రాసివ్వలేదు కూడా. అయినా తొమ్మిది రోజులు ఆ అంకె చూసినదాన్ని, మళ్లీ పిల్ల మంచం కింద నిప్పు పెట్టలేను.

ఇంటికొచ్చిన రోజే గోనెసంచి పీకేశాను. పాపని చలికి నా ఒంటికి ఆనించి కట్టుకున్నాను, ఆసుపత్రిలో నర్సు నేర్పినట్టు. సాంబ్రాణి దేవుడి దగ్గరికి పోయింది. వంట గ్యాసు మీదే. దానికోసం నెలనెలా ఇంటి లెక్కల్లో ముందే డబ్బు పక్కన పెడుతున్నాను. నీళ్లపొయ్యి మాత్రం పోలేదు, పశువులశాల అవతలికి జరిగింది. వడ్లు ఇప్పటికీ కట్టెల మీదే ఉడుకుతాయి, అంత గ్యాసు ఎవడు కాలుస్తాడు!

మూడేళ్లదాకా చలికాలం వస్తే పాపకి పిల్లికూతలే. రెండుసార్లు నెబ్యులైజర్ పెట్టించాం. నాలుగో ఏడు దాటాక రాలేదు. ఇప్పుడు బడికి పోతోంది, అన్నతో పరుగు పందెం కాసి ఓడిపోయినా ఒప్పుకోదు.

అత్త దగ్గు తగ్గలేదు. ఊదే పరీక్ష ఒకటుంటుంది, చేయిద్దాం పదమంటే, వడ్లు అవనీ అంటోంది. పోయినేడూ ఇదే మాట.