నీసు మానిన ఎనిమిదేళ్ళకు

2015లో మావారికి గుండెపోటు వచ్చింది. ఆసుపత్రి వరండాలో సిమెంటు బల్ల మీద కూర్చుని ద్వారకా తిరుమల చిన్నవెంకన్నకు మొక్కుకున్నాను. "ఈయన లేచి తిరిగితే జన్మలో నీసు ముట్టను స్వామీ" అని. రెండు స్టెంట్లు వేశారు. లేచారు, ఇంటికొచ్చారు. ఇప్పటికీ పొద్దున్నే పాలపాకెట్లకు ఆయనే వెళ్తారు.

నేనూ మాట తప్పలేదు. భీమవరంలో పుట్టి పెరిగినదానికి చేప మానడమంటే ఏమిటో ఈ వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. ముసురు పట్టిన రోజున నాలుగిళ్ళ అవతల పులుసు మరిగినా వాసన వంటింట్లోకి వచ్చేది. మొదటి ఏడాది కళ్ళలో నీళ్ళు తిరిగేవి. తర్వాత అలవాటైంది. అలవాటయ్యాక గర్వం కూడా వచ్చింది. ఆ గర్వం సంగతి తర్వాత చెబుతాను, అది చెప్పకపోతే ఇదంతా రాసి ప్రయోజనం లేదు.

2021లో రిటైరయ్యాను. ఆ ఏడాదే అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. మొదట వేళ్ళ చివర్లు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా. దూది మీద నడుస్తున్నట్టు ఉండేది. చెప్పు కాలినుంచి జారిపోయినా తెలిసేది కాదు, పది అడుగులు వేశాక నేల చల్లగా తగిలితే వెనక్కి చూసుకునేదాన్ని. నాలుక ఎర్రగా నున్నగా అయిపోయి కారం తగిలితే మంట. మెడ ముందుకు వంచితే వెన్నులో కరెంటు కొట్టినట్టు జిల్లుమనేది. ఎన్నో ఏళ్ళు నా క్లాసులో కూర్చున్న పిల్లలు రోడ్డు మీద "నమస్తే టీచర్" అంటే పేర్లు గుర్తొచ్చేవి కావు.

నాకు షుగరు ఉంది. చాలా ఏళ్ళుగా పూటకొకటి చొప్పున మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నాను. పరగడుపున గ్యాస్ మాత్ర సరేసరి. మా డాక్టరుగారి దగ్గరికి వెళ్తే రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 8.9. ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్రలు ఇచ్చారు. మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 11కు వచ్చింది. "రక్తం పట్టిందమ్మా" అన్నారు, సంతోషంగానే. మరి కాళ్ళ సంగతేమిటండీ అని అడిగాను. రిపోర్టు మీంచి తల ఎత్తకుండా అన్న మాట ఇది.

"షుగరు వాళ్ళకి కాళ్ళు ఇలాగే ఉంటాయమ్మా. ఉన్నన్నాళ్ళు నడవండి."

ఉన్నన్నాళ్ళు! ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చాను. మావారితో చెప్పలేదు. ఆయన గుండె సంగతి నాకు తెలుసు కదా. దాదాపు రెండేళ్ళు ఆ మాటను నాలోనే దాచుకుని బతికాను. కాళ్ళు ఎప్పుడు పోతాయా అని రోజూ రాత్రి పడుకునే ముందు పాదాలు తడిమి చూసుకునేదాన్ని.

ఇక ఆ రాత్రి. 2023 డిసెంబరు 5. తుపాను మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటిందని చెప్పారు. మా వైపు కోతకొచ్చిన వరిచేలన్నీ నీళ్ళలో ఉన్నాయి. కరెంటు వస్తూ పోతూ సాయంత్రానికి పూర్తిగా పోయింది. ఇన్వర్టరు రాత్రి పదింటిదాకా లాగి ఆగిపోయింది. వీధి గదిలో కిటికీలోంచి జల్లు కొడుతోందని మావారు బకెట్టు పెట్టి అక్కడే మంచం వేసుకున్నారు.

రెండో రెండున్నరో అయివుంటుంది. బాత్‌రూముకని లేచాను. రోజూ హాల్లో జీరో బల్బు వెలుగుతూ ఉండేది, ఆ రాత్రి అదీ లేదు. మంచం దిగి నిలబడ్డాను, అంతే. కాళ్ళ కింద నేల లేదు. కళ్ళు తిరగలేదు, తల దిమ్ముగా లేదు, అంత తెలివిగానూ ఉన్నాను. కానీ నా కాళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలియలేదు. మంచానికీ బీరువాకీ మధ్య పడ్డాను. బీరువా అంచు నుదుటికి తగిలింది.

లేవబోయాను. ఏ కాలు కదుపుతున్నానో, అది ముందుకు వెళ్తోందో వెనక్కి వెళ్తోందో తెలియడం లేదు. చేత్తో వెతుక్కున్నాను. ఎడమ పాదం కుడి తొడ కింద మడతపడి ఉంది. దాన్ని పట్టుకుంటే ఎవరి కాలో పట్టుకున్నట్టుంది. మనిషి ఒంట్లోనే ఒక పరాయి మనిషి ఉన్నట్టు. "ఉన్నన్నాళ్ళు నడవండి" అన్న మాట గుర్తొచ్చి, ఆ రోజు ఇదేనన్నమాట అనుకున్నాను.

పిలిచాను. పెరట్లో రేకుల షెడ్డు మీద వాన మోత. ఎంత అరిచినా నా గొంతు నాకే వినపడటం లేదు. ఆగలేక అక్కడే చీర తడిసిపోయింది. అరవై రెండేళ్ళ మనిషిని, టీచరమ్మని, ఆ తడిలో పడి ఉండి చిన్నవెంకన్నతో తగువు పెట్టుకున్నాను. "నేను మాట నిలబెట్టుకున్నాను కదా, నువ్వెందుకిలా చేశావు?" అని గట్టిగానే అడిగాను. దేవుడితో అలా మాట్లాడటం నా జన్మలో అదే మొదలు.

తెల్లవారుజామున మావారు సెల్‌ఫోను లైటు వేసుకుని వచ్చారు. ఆ వెలుగు నా పాదాల మీద పడింది. కాళ్ళు కనిపించగానే మళ్ళీ నావయ్యాయి. ఆయన చెయ్యి పట్టుకుని, పాదాలకేసి చూసుకుంటూ లేచి నిలబడ్డాను. ఎందుకలా జరిగిందో ఇద్దరికీ అర్థం కాలేదు.

రోడ్లు తేరుకున్నాక విజయవాడ తీసుకెళ్ళారు. నరాల డాక్టరమ్మ మా అమ్మాయి వయసుది. నేను చెప్పిందంతా విని ఒకటే అడిగింది. "చీకట్లోనే పడ్డారా అమ్మా? లైటు ఉన్నప్పుడు నడవగలరా?" అవునన్నాను. నిలబెట్టి కళ్ళు మూసుకోమంది. మూసుకోగానే వెనక్కి తూలాను, పట్టుకుంది. శ్రుతి దండం మోగించి చీలమండ మీద పెట్టింది. ఇనుము చల్లదనం తప్ప ఏమీ తెలియలేదు. అదే మెడ కింద ఎముక మీద పెడితే ఝుమ్మని అదిరింది. నా కాళ్ళు ఎక్కడున్నాయో మెదడుకు చెప్పే నరాలు వెన్నుపాములోనే దెబ్బతిన్నాయట. అన్నాళ్ళూ కళ్ళతో చూసుకుంటూ నడిచాను కాబట్టి నడిచాను. చీకటి పడితే ఆ ఆధారమూ పోయింది.

అప్పుడు అడిగింది, "ఏం తింటారమ్మా?" అని. రెండేళ్ళుగా ఇన్ని పరీక్షలు చేయించుకున్నాను, ఎవరూ అడగని ప్రశ్న అది.

నీసు మానేసి ఎనిమిదేళ్ళు. షుగరు వచ్చాక పాలు మానేశాను, టీలో చుక్క తప్ప. పెరుగు బదులు పల్చటి మజ్జిగ. పైన మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్ర, రెండూ నీసులో, పాలలో దొరికే విటమిన్ బీ12ను ఒంటికి పట్టకుండా చేసేవే. పరీక్షలో 96 వచ్చింది, కనీసం 200 ఉండాలి. మొదటి డాక్టరుగారు చూసిన పాత రిపోర్టు తీసి చూపించింది. హిమోగ్లోబిన్ కింద ఎర్ర కణాల సైజు 112, మామూలు కంటే ఎక్కువని పక్కనే గుర్తు. కణాలు అలా ఉబ్బితే ముందు బీ12 చూడాలట. అది చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, నరాలు మాత్రం లోలోపల పాడైపోతూనే ఉంటాయి. ఆ ఒక్క అంకె చదివి ఉంటే నాకు ఆ రాత్రి ఉండేది కాదు. ఆ డాక్టరుగారి మీద కోపం ఇప్పటికీ పోలేదు. పోవాలని కూడా నేను ప్రయత్నించడం లేదు.

అయితే నా మీద నాకున్న బాధ ఇంకొకటి. నేను జీవశాస్త్రం టీచర్ని. విటమిన్ల పట్టిక, లోపిస్తే వచ్చే జబ్బులు ఏటేటా బోర్డు మీద రాసినదాన్ని. మా ఊళ్ళో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి గురించి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. 1895లో భీమవరంలో పుట్టి, స్ప్రూ అనే పేగుల జబ్బుకు తోడబుట్టినవాళ్ళను పోగొట్టుకుని, అమెరికా వెళ్ళి, 1945 నాటికి తన బృందంతో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేయించిన మనిషి. ఆయన పోయిన 1948లోనే బీ12ను స్ఫటికాలుగా వేరుచేశారు. ఫోలిక్ యాసిడ్‌తో రక్తం బాగుపడినా నరాలు బాగుపడవని ఆ రోజుల్లోనే డాక్టర్లు కనిపెట్టారు. డెబ్భై అయిదేళ్ళ కిందటే తెలిసిన విషయం, ఆయన పుట్టిన ఊళ్ళోనే నా కాళ్ళ మీదికి వచ్చింది.

ఇంజక్షన్లు మొదలుపెట్టారు. వారం రోజులు రోజూ, తర్వాత వారానికొకటి, తర్వాత నెలకొకటి. ఆ మందు రంగు ఎరుపు, దానిమ్మ రసంలా ఉంటుంది. మొదటి వారంలోనే నాలుక మంట తగ్గింది, ఊరగాయ తిన్నాను. కాళ్ళ తిమ్మిర్లు ముందు ఎక్కువై భయపెట్టాయి, తర్వాత మెల్లగా దిగాయి. మూడో నెలకు గోడ పట్టుకోకుండా నడిచాను. వేళ్ళ చివర్లు ఇప్పటికీ మొద్దుగానే ఉన్నాయి. అవి ఇక అంతే కావచ్చంది డాక్టరమ్మ, ముందే చెప్పింది కాబట్టి నాకు బాధ లేదు.

విజయవాడ నుంచి వచ్చిన రెండో రోజే మా అక్క స్టీలు క్యారేజీ పట్టుకుని దిగింది. మూత తీస్తే మేక కార్జం వేపుడు, మిరియాలు దట్టించి. "ఒసేయ్, దేవుడేమీ అనుకోడే. చచ్చిపోయి మొక్కు తీర్చమన్నాడా ఆయన? తిను" అని ముద్ద కలిపి నోటిదాకా తెచ్చింది. చిన్నప్పుడు జ్వరం వస్తే అలాగే కలిపి పెట్టేది. అక్క చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. 1926లో బోస్టన్‌లో మైనాట్, మర్ఫీ అనే డాక్టర్లు ఇలాంటి పాండురోగులకు రోజూ కార్జం తినిపించే బతికించారు, 1934లో దానికి నోబెల్ కూడా వచ్చింది. ఇంజక్షన్ లేని రోజుల్లో అదే మందు.

నేను తినలేదు. అక్క అలిగి వెళ్ళిపోయింది. రాత్రంతా ఆలోచించి మర్నాడు డాక్టరమ్మకు ఫోను చేసి అడిగాను. "మీరు తిన్నా ఆ మాత్రల వల్ల సరిగ్గా పట్టదమ్మా. తిన్నా తినకపోయినా ఇంజక్షన్ తప్పదు. తినడం తినకపోవడం మీ ఇష్టం" అంది. ఆ మాటతో నా గుండెల మీంచి బండ దింపినట్టయింది. నా మొక్కు నాకు మిగిలింది.

ఇప్పుడు ఆ గర్వం సంగతి. నేను మానేసిన తర్వాత మా ఇంట్లో గుడ్డు కూడా రానివ్వలేదు. తినేవాళ్ళను ఒక మెట్టు తక్కువగా చూశాను, బయటికి అనకపోయినా. 2023లో మా అమ్మాయి నెల తప్పింది. హైదరాబాదులో ఉద్యోగం. రోజూ ఫోనులో "శ్రావణం, ఇప్పుడొద్దు", "కార్తీకం, కడుపుతో ఉన్నదానివి, బిడ్డకు మంచి బుద్ధులు రావాలి, మానెయ్" అని చెప్పి చెప్పి మాన్పించాను. పాలంటే దానికి వాంతి. నా రిపోర్టు చూశాక దానికీ పరీక్ష చేయించాం. 190. కడుపులో బిడ్డ మెదడుకూ నరాలకూ అది ఎంత అవసరమో డాక్టరమ్మ చెబుతుంటే నేను తల ఎత్తలేకపోయాను. వెంటనే మందు వాడింది, పాప పండులా పుట్టింది. స్వామి దయ. కానీ తుపాను రాత్రి కంటే ఆ 190 అంకె చూసిన పూటే నాకు ఎక్కువ భయం వేసింది.

మొక్కున్నవాళ్ళకూ, పుట్టుకతో శాకాహారులకూ నేను చెప్పేది ఒకటే, మీ నియమం మానుకోమని కాదు. బీ12ను తయారుచేసేది సూక్ష్మజీవులే, ఏ మొక్కా చెయ్యలేదు. ఆకుకూరలను, చద్దన్నాన్ని, స్పిరులినా పొడిని నమ్ముకోకండి. పాలు, పెరుగు కడుపునిండా తీసుకోండి, అవీ తీసుకోనివాళ్ళు మాత్ర వేసుకోవాల్సిందే. మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్రలు ఏళ్ళ తరబడి వాడేవాళ్ళు మాంసం తిన్నా సరే ఏడాదికోసారి పరీక్ష అడగండి. డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి, నేనిది తింటాను, ఇది తినను అని. మన ఒంట్లోని కార్జంలో నిలవ ఉన్న బీ12 మూడు నాలుగేళ్ళు ఆదుకుంటుంది కాబట్టి మానిన వెంటనే ఏమీ తెలియదు. నాకూ అందుకే తెలియలేదు.

స్వామి మీద కోపం లేదు. నడవగలిగాక ద్వారకా తిరుమల వెళ్ళి ఆ రాత్రి అన్న మాటలకు క్షమాపణ చెప్పుకున్నాను. మెట్లన్నీ ఎక్కాను, పాదాలకేసి చూసుకుంటూనే.

పురుడయ్యాక అమ్మాయికి పాలు పడాలని అక్క పాలసొర పంపింది. అలక తీరిందని దాంతోనే తెలిసింది. తొమ్మిదేళ్ళ తర్వాత చేప మా గడప దాటి లోపలికి వచ్చింది. పెరట్లో వేరే పొయ్యి పెట్టి, విడిగా గిన్నె కొనుక్కొచ్చి నేనే వండాను. ఉడకబెట్టి, తోలు తీసి, పొడిపొడిగా చిదిపి, వెల్లుల్లి దండిగా వేసి వేయించాను. చేతులు ఏదీ మర్చిపోలేదు. రుచి చూడటం ఒక్కటి నాకు కుదరదు. గరిటెతో కాస్త తీసి, చల్లార్చి, మంచం దగ్గరికి పట్టుకెళ్ళాను.

"ఉప్పు చూడవే" అన్నాను.

పాపను ఒళ్ళో సర్దుకుని నోట్లో వేసుకుంది. "ఒక్క పిసరు తగ్గిందమ్మా" అంది.

వెళ్ళి వేసొచ్చాను.