యూనియన్ కార్డు వచ్చింది, ఆ మాట మాత్రం మర్చిపోను

నిన్ననే కార్డు చేతికొచ్చింది. కాస్ట్యూమ్స్ అసిస్టెంట్‌గా ఇక నేనూ తెలుగు సినిమా యూనియన్ సభ్యుణ్ణి. దరఖాస్తు, ఫోటోలు, ఆధార్ జిరాక్స్ ఒక్క పూట పని. ఫీజు కోసం అమ్మ గొలుసు తాకట్టు పెట్టాం.

నన్ను ఏడిపించింది 'పని చేసినట్టు రుజువు'. కార్డు లేనివాడి పేరు ప్రొడక్షన్ లెక్కల్లో ఉండదు. బేటా, అంటే మా రోజువారీ డబ్బు, చీఫ్ కాస్ట్యూమర్ తీసుకుని మాకు పంచుతాడు. ఇక నా పేరున వోచర్ ఎక్కడిది? లెటర్ ఇమ్మంటే ప్రొడక్షన్ మేనేజర్ "కార్డు లేనోణ్ణి పెట్టుకున్నానని నేనే రాసివ్వాలా?" అన్నాడు. వాన సీన్లు తీసిన రాత్రుల్లో తెల్లవార్లూ ఆయన సినిమా బట్టలు ఆరబెట్టింది నేనే.

యూనియన్ కమిటీ ముందు ఇంకా ఘోరం. ఒకాయన ఫైలు తెరవనైనా లేదు. "ఇస్త్రీ చేసే ప్రతివాడికీ కార్డిస్తే మేమేం తినాలి?" అన్నాడు. అందరూ నవ్వారు. షాట్ షాట్‌కీ బట్టలు ఒకేలా ఉండాలని రాసుకునే కంటిన్యూటీ పుస్తకం బల్ల మీద పెట్టాను. ఏ సీన్‌లో చొక్కాకి ఎన్ని గుండీలు విప్పి ఉన్నాయో, మోచేతి మీద రక్తం మరక ఎంత ఉందో అన్నీ రాసుకున్నాను. దాన్ని వేలితో పక్కకు నెట్టి, "తర్వాతోణ్ణి పిలవండి" అన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

అంతలో 2025 ఆగస్టు 4న సమ్మె మొదలైంది. సినీ కార్మిక యూనియన్లన్నిటి ఫెడరేషన్ కూలిలో 30 శాతం పెంపు అడిగింది. యూనియన్‌తో పని లేకుండా బయటివాళ్లను తీసుకుంటామని నిర్మాతలు అన్నారు. నాకూ ఫోన్ వచ్చింది, మామూలు కంటే ఎక్కువ ఇస్తామన్నారు. వెళ్లలేదు. గర్వంగానే చెప్తున్నా, చేతిలో డబ్బుల్లేని రోజుల్లో కూడా వెళ్లలేదు. నన్ను అవమానించింది ఒక మనిషి. కూలి అడుగుతున్నది వేలమంది. ఆగస్టు 21న మూడేళ్లకు 22.5 శాతం దగ్గర తెగింది. రోజు కూలి 2,000 రూపాయల లోపు వాళ్లకు మొదటి ఏడాది 15, తర్వాత 2.5, ఆ తర్వాత 5 శాతం.

మళ్లీ కమిటీకి వెళ్లినప్పుడు, సమ్మెలో నన్ను చూసిన ఒక సీనియర్ అక్క ఆ పుస్తకం అడిగి తీసుకుంది. పేజీలన్నీ తిరగేసి, "వీడు పనోడు, నేను సంతకం పెడతా" అంది. అంతే, పని అయిపోయింది.

కొత్తగా వచ్చే తమ్ముళ్లూ, మధ్యవర్తుల చేతిలో రూపాయి పెట్టొద్దు. రసీదు లేకుండా ఫీజు కట్టొద్దు. షూటింగ్‌కి వెళ్లిన రోజే తేదీ, సినిమా, చీఫ్ పేరు రాసుకోండి, సెట్‌లో పని చేస్తున్న ఫోటో దాచుకోండి. సినీ కార్మికుడితో రాతపూర్వక ఒప్పందం ఉండాలని 1981లోనే చట్టం చేశారు. ఆ కాగితం నేను ఏ సెట్‌లోనూ చూడలేదు. ప్రొడక్షన్ మేనేజర్ నోటి మాటను అసలు నమ్మొద్దు.

రేపటి షూటింగ్‌కి కార్డు లేని కుర్రాడొకడు మాతో వస్తున్నాడు. వాడి పేరు కూడా లెక్కలో రాయించమని ఇప్పుడే చీఫ్‌కి ఫోన్ చేశాను. చూద్దాం అన్నాడు. రాసేదాకా అడుగుతూనే ఉంటాను.