కొబ్బరినీళ్లు తాగి పోలేదు వాళ్లు

"మీ ఊరోళ్లకి ఎంత చెప్పినా కొబ్బరినీళ్లు మానరు. అందుకే ఒకరి తర్వాత ఒకరు పోతున్నారు."

డయాలసిస్ మంచం పక్కన నిలబడి, నా కాగితం మీద బీపీ రాసుకుంటూ ఒకాయన అన్న మాట ఇది. కిడ్నీ పాడైనవాళ్లకి కొబ్బరినీళ్లలోని పొటాషియం ఒంట్లో పేరుకుని గుండెని ఆపేస్తుందని ఆయన ఉద్దేశం. మా షిఫ్టులో కిటికీ పక్క మంచం ఖాళీ అయి అప్పటికి నాలుగు రోజులు. అప్పుడు నేనేమీ అనలేకపోయాను. మెడలో గొట్టం ఉంది, ఒంట్లో ఓపిక లేదు. ఇప్పుడు గొట్టం తీసేశారు, ఏడాది దాటింది, క్రియాటిన్ (అసలు పేరు క్రియాటినిన్, కిడ్నీ వడకట్టలేక రక్తంలో మిగిలే చెత్త; ఎంత పెరిగితే కిడ్నీ అంత చెడినట్టు) 1.9 దగ్గర ఆగింది. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఉద్యానవనం అన్న మాటే అలా అయిందంటారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస. "బాగున్నావా" అని అడిగినట్టే ఇక్కడ "క్రియాటిన్ ఎంతుంది" అని అడుగుతారు. మా దగ్గరి కిడ్నీ జబ్బుకి మొదట్లో గుర్తులుండవు. మొహం వాయదు, కాళ్లు వాయవు, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, చాలామందికి బీపీ కూడా పెరగదు. ఆకలి తగ్గి, వాంతులు మొదలై, రక్తపరీక్ష చేయించేసరికి కిడ్నీలో ముప్పాతిక భాగం పోయుంటుంది. మూత్రం బాగానే వస్తోంది కదా అని ఊరుకోకుండా ఏడాదికోసారి రక్తంలో క్రియాటిన్ చూపించుకోవాలనేది అందుకే.

నా సంగతి త్వరగా చెప్పేస్తాను. జూన్ ఎండలో జీడితోటలో పని, ఆపైన మూడు రోజులు విరేచనాలు. ఒళ్లు నొప్పులని రోజుకో డైక్లోఫెనాక్ సూది వేయించుకున్నాను. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం చాలదు. ఉన్న కాస్త రక్తాన్ని లోపలికి పంపే నాళాన్ని తెరిచి ఉంచే పదార్థాన్ని ఆ సూదిమందు ఆపేస్తుంది. అప్పటికే సగం దెబ్బతిన్న కిడ్నీ ఆ రెండు దెబ్బలకి పడిపోయింది. మూత్రం ఆగింది, క్రియాటిన్ 9.2. మెడలో గొట్టం వేసి డయాలసిస్ పెట్టారు. మంగళ, గురు, శనివారాలు, పూటకి నాలుగు గంటలు, పదకొండు వారాలు.

తర్వాత మూత్రం మళ్లీ మొదలైంది. రోజుకి 300 మిల్లీలీటర్లు, తర్వాత 700, తర్వాత లీటరున్నర. డయాలసిస్‌కి ముందు తీసే క్రియాటిన్ వారం వారం దానంతటదే దిగుతూ వచ్చింది. నాలాగా హఠాత్తుగా కిడ్నీ పడిపోయిన వాళ్లు మీ ఇంట్లో ఉంటే, వారానికో రోజు 24 గంటల మూత్రం కొలిపించండి. కోలుకుంటున్న కిడ్నీకి మిషను మీద బీపీ పడిపోవడం మళ్లీ దెబ్బ. నీళ్లు మరీ ఎక్కువ లాగొద్దని నోరు తెరిచి అడగండి. నా కిడ్నీ మళ్లీ లేస్తోందని కనిపెట్టి, మెల్లగా తీయమని రాసిన డాక్టరమ్మకి నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

"నువ్వు జాగ్రత్తగా ఉన్నావు కాబట్టి బయటపడ్డావు" అంటున్నారు ఊళ్లో. ఆ మాట నాకు గుచ్చుకుంటుంది. నేను బయటపడింది నా దెబ్బ వేరు కాబట్టి. జాగ్రత్త ఎలా ఉండాలో నాకు నేర్పినవాళ్లే పోయారు.

కిటికీ పక్క మంచం అప్పది. వరసకి అప్ప, ఇల్లు మా వీధి చివర. పాతికేళ్లు జీడిపప్పు పని చేసింది. కాల్చిన జీడిపిక్కని కొట్టేటప్పుడు చేతికి బూడిద పూసుకోకపోతే ఆ నూనెకి చర్మం కాలి ఊడుతుంది. ఆవిడ వేళ్ల కొసలు నల్లగా, గీతల్లేకుండా ఉండేవి. పొట్టు తీయడంలో ఆవిడ చేయి పడితే పప్పు విరగదు. ఆరబెట్టడం తక్కువైతే పొట్టు అంటుకుపోతుంది, ఎక్కువైతే పప్పు పెళుసై బద్దలవుతుంది. గుప్పెడు పప్పు పట్టుకుని బొటనవేలితో రుద్ది, "ఇంకో గంట ఉంచండి" అని చెప్పేది. ఆ ఒక్క మాట కోసం బట్టీవాళ్లు ఆవిణ్ణి పిలిచేవారు. విరగని పప్పుకే మంచి కూలి కాబట్టి పక్కన కూర్చున్న పిల్లలకి గోరు ఎక్కడ పెట్టాలో చూపించేది.

ఆవిడకి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రెండు రక్తనాళాల్ని కలిపి కుట్టేది, నిలవలేదు. నీరసమన్నప్పుడల్లా ఏళ్ల తరబడి ఎడమచేతికే సెలైన్లు పెట్టించారు, నరాలు గట్టిపడిపోయాయి. క్రియాటిన్ పెరుగుతోందని తెలిసిన రోజు నుంచి, రోజూ పనికి వాడని చేతికి సూది పడనివ్వకూడదు. రక్తం తీయాలన్నా, సెలైన్ పెట్టాలన్నా అరచేతి వెనక వైపు చూపించాలి. మణికట్టు దగ్గర వేసిన ఫిస్టులా వాడకానికి రావడానికి ఆరు వారాలైనా పడుతుంది. పొద్దున్నే లేచి దానిమీద వేళ్లు పెడితే తేనెటీగ ఝుమ్మన్నట్టు తగలాలి. తగలకపోతే ఆ పూటే వెళ్లాలి, మర్నాడు అనుకుంటే లోపలి రక్తపు గడ్డ గట్టిపడిపోతుంది. అప్పకి ఒకరోజు మిషను మీద నీళ్లు ఎక్కువ లాగి బీపీ 80కి పడింది. ఆ రాత్రే ఝుమ్మనడం ఆగిపోయింది. పొద్దున్న తడిమి చూసుకుని, "పోనాదమ్మా ఇది" అంది.

అందుకని మెడ గొట్టం. ఒక శనివారం మిషను పెట్టిన ముప్పావుగంటకి ఆవిడకి చలి పుట్టి మంచం కదిలేలా వణికింది. పారాసెటమాల్ ఇచ్చి దుప్పటి కప్పారు. మంగళవారం మళ్లీ అదే వణుకు, మళ్లీ అదే దుప్పటి. డయాలసిస్ మొదలయ్యాక వణుకు వచ్చిందంటే గొట్టంలో క్రిములు చేరాయనే ముందు అనుమానించాలి. యాంటీబయాటిక్ పెట్టకముందే గొట్టం నుంచి ఒకటి, చేతి నుంచి ఒకటి రక్తం కల్చర్‌కి పంపాలి. గొట్టం తెరిచేటప్పుడు రోగికీ, తెరిచేవాళ్లకీ ఇద్దరికీ మాస్కు ఉండాలి, తలస్నానంలో కట్టు తడవకూడదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్ప గురువారం రాలేదు. శుక్రవారం పోయింది. ఆవిడ ఏ కొబ్బరినీళ్లు తాగిందో ఆ పెద్దమనిషి నాకు చెప్పాలి.

నేను భయంతో గడిపిన రాత్రి, డయాలసిస్ మీద ఉండగానే, ఒక సోమవారం నాడు వచ్చింది. మంగళ, గురు, శని షిఫ్టు వాళ్లకి శనివారం తర్వాత రెండు రోజులు ఖాళీ. ఒంట్లో చెత్తా నీళ్లూ ఎక్కువగా చేరేది, గుండె ఎక్కువగా ఆగేది ఆ పొడుగు ఖాళీ చివర్లోనే. రాత్రి పదకొండుకి లేవబోతే తొడల్లో బలం లేదు. గట్టు ఎక్కడానికి కాలు లేవనట్టు, ఒళ్లంతా ఇసుక బస్తా అయినట్టు. నొప్పి లేదు, ఆయాసం లేదు. గుండె ఒకటి కొట్టి, ఆగి, ఇంకోటి కొడుతోంది. ఆ ఆగినప్పుడల్లా నేను మా అబ్బాయి ముఖం చూస్తున్నాను. ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లారు. పొటాషియం 7.2.

ఈసీజీ చూసిన చిన్న డాక్టరు పరుగెత్తాడు. ముందు కాల్షియం గ్లూకోనేట్ 10 మిల్లీలీటర్లు మెల్లగా నరంలోకి. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెని కాపాడి కాస్త సమయం ఇస్తుంది. తర్వాత గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్ 10 యూనిట్లు, సాల్బుటమాల్ ఆవిరి. అవి పొటాషియాన్ని కణాల్లోకి నెట్టి ఉంచుతాయి, నాలాంటివాళ్లకి దాన్ని త్వరగా బయటికి తీసేది డయాలసిస్. తెల్లవారుజామున మిషను పెట్టారు.

ఆ రాత్రంతా అందరూ అడిగింది ఒకటే. "కొబ్బరినీళ్లు తాగావా?" తాగలేదు. అరటిపండు తినలేదు, పనస ముట్టలేదు. అసలు కారణం మా షిఫ్టులోనే ఉండే మావ కనిపెట్టాడు. గురువారం నా పక్క మంచం మీద పడుకుని, "ఉప్పు మార్చేరా?" అన్నాడు. బీపీకి మంచిదని మా అబ్బాయి విశాఖ నుంచి సోడియం తక్కువ ఉప్పు తెచ్చాడు. వారం నుంచి కూరల్లో అదే. సోడియం తగ్గించిన చోట ఆ ఉప్పులో కలిపేది పొటాషియం క్లోరైడు. కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో అది విషం. నాలుగు రోజులుగా నాకు విరేచనం కూడా కాలేదు, కిడ్నీ పనిచేయనప్పుడు కొంత పొటాషియం ఆ దారినే పోవాలి. ఇన్ని చదువులు చదివినవాళ్లకి తోచని ప్రశ్న, ఐదో తరగతి చదివిన మావకి తోచింది.

మావ కొబ్బరి దింపేవాడు. నాలుగేళ్లు డయాలసిస్ మీద బతికాడు. చెట్టు కింద నిలబడి తలెత్తితే ఏ గెలలో ఎన్ని కాయలు దిగుతాయో చెప్పేసేవాడు, కాయ మీద కత్తి వెనకతో కొట్టి నీళ్లున్నాయో ముదిరిందో చెప్పేవాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి ఆయన తోట పడుకుంది. ఏడ్చి కూర్చోలేదు. మరుసటి ఏడు వానలకి మళ్లీ గోతులు తీశాడు. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు. అడుగున కొబ్బరి డొక్కలు గిన్నెల్లా లోపలి వైపు పైకి ఉండేలా రెండు వరసలు. మా ఇసుక నేలలో పోసిన నీళ్లు నిలవవు, ఆ డొక్కలే పట్టి ఉంచుతాయి. మొదలు లావుగా, ఆరు ఆకులున్న మొక్కనే తీసుకోమనేవాడు. మొక్కకీ మొక్కకీ పాతిక అడుగులు. దగ్గరగా వేస్తే వెలుతురు కోసం సాగిపోయి కాపు తగ్గుతుంది.

అదే కొలత తన ఒంటికీ పెట్టాడు. ముందు రోజు వచ్చిన మూత్రానికి అర లీటరు కలిపితే ఆ రోజుకి తాగాల్సిన నీళ్లు. పొద్దున్నే ఆ లెక్క సీసాలో పోసుకునేవాడు. టీ తాగితే ఆ టీ అంత నీళ్లు సీసాలోంచి మొక్కకి పారబోసేవాడు. సీసా అయిపోతే ఆ రోజుకి అంతే. దాహమంతా ఉప్పు తెచ్చేదే. తొమ్మిది గ్రాముల ఉప్పు తింటే ఒంట్లో లీటరు నీళ్లు నిలుస్తాయి. ఎండుచేపలు ఆయనకి ప్రాణం, వాటిని మానేశాడు. గంటకి కిలో బరువుకి 13 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ నీళ్లు లాగితే గుండె తట్టుకోదు. యాభై కిలోల మనిషికి నాలుగు గంటల్లో 2.6 లీటర్లు. ఆయన ఏనాడూ రెండు కిలోలు మించి పెరిగి రాలేదు. మా అందరి బరువులూ పుస్తకంలో రాసింది వెల్డింగు కుర్రాడు. ఆ పుస్తకం నేను చూశాను.

ఆ కుర్రాడి గురించి ఎక్కువ రాయలేను. గుజరాత్ ఓడరేవులో వెల్డింగు చేసి వచ్చాడు, ముప్పై రెండేళ్లు. మిషను గంట కొడితే ఎవరి బీపీ పడిందో, ఎవరి గొట్టం మెలిపడిందో నర్సు కంటే ముందు చెప్పేవాడు. కిడ్నీ ఇస్తానని వచ్చిన వాళ్లమ్మకి పరీక్షలు చేస్తే ఆవిడకీ ఇదే జబ్బు బయటపడింది. చనిపోయినవాళ్ల అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించి ఎదురుచూశాడు. ఒక సోమవారం రాత్రి నిద్రలో పోయాడు. పొడుగు ఖాళీ.

మావ కూడా ఈ ఏడాది అలాంటి సోమవారం రాత్రే వెళ్లిపోయాడు. గుండె అని చెప్పారు. శనివారం తూకంలో కిలో ఎనిమిది వందలు పెరిగాడంతే.

కొబ్బరినీళ్లు మంచివని నేననడం లేదు. వంద మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. డయాలసిస్ మనిషికి రోజు మొత్తానికి రెండు వేల లోపు అంటారు, ఒక బోండానికే ఆ లెక్కలో మూడో వంతు పైగా పోతుంది. మానాల్సిందే. మానేశారు కూడా. చెట్టు కింద పుట్టి, ఆ చెట్టు మీద బతికి, గుక్కెడు తాగకుండా నాలుగేళ్లు ఉన్న మనిషిని, చనిపోయాక "మానడు" అనకూడదు. దుంపకూరలు చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంచేసి మళ్లీ ఉడికించాలని అప్ప నాకు చెప్పింది. పరీక్షకి రక్తం లాగేటప్పుడు పిడికిలి పదే పదే బిగిస్తే పొటాషియం దొంగగా ఎక్కువ చూపిస్తుందని కుర్రాడు చెప్పాడు. ఒంటి నొప్పులకి సూది వేయించుకోవద్దని, ఎండలో పనికి వెళ్లేముందే నీళ్లు తాగమని మావ కనపడ్డ ప్రతి పిల్లాడికీ చెప్పేవాడు. ఆ పిల్లలు ఇప్పుడు తోటకి సీసాలు పట్టుకెళ్తున్నారు.

మావ పెద్దకర్మ నాడు కోడలు ఆయన ఫొటో ముందు బోండాం పెట్టింది. తిత్లీ తర్వాత ఆయన పాతిన చెట్లలో మొదటి గెలది. "నాలుగేళ్లు ముట్టలేదు కదా" అని కొట్టి, గ్లాసులో పోసి, ఫొటో ముందు ఉంచింది. మిగిలింది వచ్చినవాళ్లకి తలా కొంచెం పోస్తూ నా దగ్గరకొచ్చి ఆగింది. కిందటి వారం నా పొటాషియం 4.6, డాక్టరమ్మ ఎప్పుడైనా సగం గ్లాసు పరవాలేదంది. ఆ మాట కోడలికి చెప్పాను. సగం గ్లాసు పోసింది. తాగాను.