టీబీ కోర్సు, కోబో అబే ఇసుక

వీపులో సూది గుచ్చి ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీళ్లు తీసేటప్పుడు మంచం మీద ముందుకు వంగి, దిండును పట్టుకుని కూర్చోవాలి. దగ్గకూడదు. దగ్గకూడదు అనగానే దగ్గొస్తుంది. బయటికొచ్చిన నీళ్లు లేత పసుపు రంగులో ఉన్నాయి. పరీక్షలన్నీ అయ్యాక ప్లూరల్ టీబీ అని తేల్చారు. అంటే ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు వచ్చే క్షయ. ఇది మామూలుగా ఒకరి నుంచి ఒకరికి అంటదని డాక్టరు గారు చెప్పినా, అమ్మ మాత్రం చుట్టాలందరికీ ‘నిమ్ము చేసింది’ అనే చెప్పింది. నేనూ కాదనలేదు.

కోర్సు 6 నెలలు. మొదటి 2 నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత మూడు. ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగానే ఇస్తారు. ఆ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది. ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ టెన్షన్‌కే జ్వరం పెరిగేది. పొద్దున్నే మాత్రలు, ఆ తర్వాత వికారం, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడటం. ఇంకేమీ జరగదు.

మంచంలో ఉన్నవాడికి జనం స్ఫూర్తినిచ్చే పుస్తకాలు పంపుతారు. వాటిలో జబ్బుపడ్డ ప్రతివాడూ ఏదో ఒకటి నేర్చుకుని లేస్తాడు. నాకు ఒళ్లు మండింది. అంతకుముందు జపాన్ రచయిత మురకామిని చదివిన అలవాటుంది కాబట్టి, ఆ దారినే వెళ్లి ఇంకో జపాన్ రచయిత కోబో అబే దగ్గర ఆగాను. ఆయన 1948లో డాక్టరు చదువు పూర్తిచేసి, వైద్యం మాత్రం చేయలేదు. 1991లో వచ్చిన ఆయన నవల ‘కంగారూ నోట్‌బుక్’లో ఒకడు నిద్రలేచేసరికి మోకాళ్ల కింద, కాళ్ల ముందువైపు ముల్లంగి మొలకలు వచ్చి ఉంటాయి. చర్మ వైద్యుడి దగ్గరికి పోతే మంచమెక్కిస్తారు. ఆ మంచం తనంతట తానే రోడ్డెక్కి వెళ్లిపోతుంది. మొలకలు ఎందుకొచ్చాయో ఎవరూ చెప్పరు. ‘నాకే ఎందుకొచ్చింది’ అని నేను అడిగినప్పుడు డాక్టరు గారు కూడా భుజాలెగరేశారు. స్ఫూర్తి పుస్తకాల కన్నా ఆ మంచమే నాకు నిజమనిపించింది.

తర్వాత ‘ది వుమన్ ఇన్ ది డ్యూన్స్’. నవల 1962లో వచ్చింది, దర్శకుడు తెషిగహరా తీసిన సినిమా 1964లో. స్క్రీన్‌ప్లే అబేదే. పురుగులు సేకరించే మాస్టారు ఇసుక గోతిలోని ఇంట్లో రాత్రికి బస చేస్తాడు, తెల్లారేసరికి నిచ్చెన ఉండదు. ఇక రోజూ ఇసుక తోడాలి, లేకపోతే ఇల్లు పూడిపోతుంది. అన్నం తినేటప్పుడు పైనుంచి రాలే ఇసుక కంచంలో పడకుండా గొడుగు పెడుతుంది ఆ ఇంటావిడ. నవలలో ఆ గొడుగు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. గోతిలోంచి ఎలా బయటపడాలన్నది తర్వాతి మాట, ముందు ఈ పూట అన్నంలో ఇసుక పడకూడదు.

సినిమా అమ్మ కూడా కూర్చుని చూసింది.

“ఎవరి కోసంరా ఆ తవ్వడం?”

“ఊరివాళ్లు ఆ సముద్రపు ఇసుక అమ్ముకుంటారమ్మా.”

“ఉప్పు ఇసుకతో కడితే కూలిపోవూ?”

కృష్ణ ఒడ్డున ఇసుక లారీలు చూస్తూ బతికిన మనిషి, వెంటనే పట్టేసింది. కథలో మాస్టారు అడిగేదీ ఇదే. పరాయివాళ్ల సంగతి మనకెందుకన్నట్టు జవాబిస్తుంది ఆ ఇంటావిడ.

మురకామి కథల మీద తీసిన వాటిలో ‘బర్నింగ్’ (2018) గొప్ప సినిమానే, కానీ గుండె దడ పెంచుతుంది, అప్పటికి నాకు పనికిరాలేదు. ‘టోనీ తకితాని’ (2004) సరిపోయింది. కెమెరా మెల్లగా పక్కకు జరుగుతూ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోతుంది. గంటంపావు, ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుంది. అసలు అబే పుస్తకాల్లోని ఆ వాతావరణం నాకు బాగా దొరికింది మాత్రం జపాన్‌తో సంబంధం లేని థాయ్ సినిమా ‘సెమిటరీ ఆఫ్ స్ప్లెండర్’ (2015)లో. పాత బడిలో పెట్టిన ఆసుపత్రి, అంతుపట్టని నిద్రజబ్బుతో సైనికులు, మంచాల పక్కన రంగులు మారే లైట్లు. నిద్రపోతూ చూసినా నష్టం లేదు, నేను అలాగే చూశాను.

మూడో నెలకి ఆకలి తిరిగొచ్చింది. పప్పన్నంలో నెయ్యి వాసన బాగుందనిపించిన రోజున అమ్మ కాస్త కుదుటపడింది. కోర్సు అయ్యాక ఎక్స్‌రేలో చిన్న మచ్చ మిగిలింది. అది అలాగే ఉండిపోతుందట, భయం లేదట.

ఇప్పుడు ఆఫీసుకు పోతూనే అబే, తెషిగహరా కలిసి తీసిన మిగతావీ చూస్తున్నాను. మొన్న ‘ది ఫేస్ ఆఫ్ అనదర్’ (1966) అయింది. ముఖం పాడైనవాడికి డాక్టరు మాస్కు తయారుచేసి తగిలిస్తాడు. బాగుంది, కాకపోతే ఆ డాక్టరు మరీ ఎక్కువ మాట్లాడతాడు.