తీగ బిగిసిన కానుగ

దోమలగూడలో మా వీధి చివరి కానుగ చెట్టుకు ఎవరో ఎప్పుడో కేబుల్ కోసం ఇనుప తీగ బిగించి వదిలేశారు. ఇవాళ దగ్గరికెళ్లి చూశాను. తీగ బెరడులోకి దిగిపోయింది. దాని పైన మాను బొడిపెలా ఉబ్బింది, కింద సన్నగానే ఉంది. ఆకులేమో నిగనిగలాడుతున్నాయి!

వేళ్ల నుంచి నీళ్లు పైకెక్కేది లోపలి చెక్కలోని దారువు అనే కణజాలం గుండా. ఆకుల్లో తయారైన చక్కెర కిందికి దిగేది బెరడును అంటిపెట్టుకుని ఉండే పోషక కణజాలం గుండా. తీగ నొక్కేది ఈ రెండోదాన్నే. చక్కెర పైనే ఆగిపోతుంది, అందుకే అక్కడ మాను ఉబ్బింది. నీళ్లు అందుతున్నాయి కాబట్టి ఆకులకు ఏ లోటూ కనిపించదు, వేళ్లు మాత్రం పస్తులుంటాయి. చెట్టుకేం, బాగానే ఉందిగా అని అందరం అనుకునేది ఇందుకే.

17వ శతాబ్దంలో ఇటలీకి చెందిన శాస్త్రవేత్త మార్చెల్లో మాల్పిగీ చెట్టు బెరడును చుట్టూ వలిచి, ఈ ఉబ్బునే గమనించాడు. 1661లో కప్ప ఊపిరితిత్తుల్లో రక్తకేశనాళికలను, అంటే అతి సన్నటి రక్తనాళాలను, చూపించిందీ ఆయనే. ఏం కళ్లండీ బాబూ!

మా వాచ్‌మన్ అన్న కటింగ్ ప్లయర్ తెచ్చి పైకి కనిపించే తీగంతా కత్తిరించాడు. లోపలికి దిగినదాన్ని కదపలేదు, లాగితే బెరడు ఇంకా చీలుతుంది.