చేపల తొట్టికి చెక్క స్టాండు

మొత్తానికి మూడడుగుల అక్వేరియానికి స్టాండు నా చేతులతోనే చేశాను. 36×15×18 అంగుళాల తొట్టిలో నిండా పోస్తే నీళ్లే దాదాపు 160 కిలోలు. గాజు, గులకరాళ్లు కలిస్తే 200 దగ్గరికి వస్తుంది. అందుకే కాళ్లను పక్కనుంచి స్క్రూలతో బిగించి వదిలేయకుండా, పై ఫ్రేము నేరుగా కాళ్ల మీదే కూర్చునేలా కోశాను. బరువు మోయాల్సింది చెక్క, స్క్రూ కాదు. ఈ మాట మా వీధి వడ్రంగి బాబాయ్‌ది. "ఊగకుండా వెనకాల ప్లైవుడ్ కొట్టు నాన్నా" అన్నదీ ఆయనే.

అసలు కష్టం మట్టం దగ్గర. రసమట్టం పెడితే బుడగ ఒక పక్కకే పోతోంది. స్టాండును అటుది ఇటు తిప్పి చూశా, మళ్లీ గోడ వైపుకే. అంటే తేడా చెక్కలో లేదు, గచ్చులో ఉంది! కడిగిన నీళ్లు పోవడానికి మా హాల్లో టైల్స్ గుమ్మం వైపు వాలుగా వేశారు, అందుకే బుడగ ఎత్తుగా ఉన్న గోడ వైపుకు పోతోంది. రెండు కాళ్ల కింద పల్చటి చెక్కముక్కలు పెట్టి సరిచేసేసరికి ఆదివారమంతా అయిపోయింది.

పైన థర్మకోల్ పరిచి, తొట్టి ఎక్కించి, పావు వంతు నీళ్లు పోసి నాలుగు మూలలా స్కేలుతో కొలిచా. నాలుగూ ఒకటే! ఎంత హాయిగా అనిపించిందో.

చేపలు ఇంకా తేలేదు. ఉత్త నీళ్లనే చూస్తూ కూర్చున్నా.