ఛాతీ లోతు నీళ్లలో పిన్‌పాయింటింగ్: 11 సెంటీమీటర్ల తేడా ఎక్కడిదో దొరికింది

నీళ్లలో మెటల్ డిటెక్టర్‌తో వెతికేటప్పుడు, మోకాలి లోతులో మొదటి స్కూప్‌కే (ఇసుక తోడే రంధ్రాల పారకే) వచ్చేసే టార్గెట్, అంటే ఇసుకలోని లోహపు వస్తువు, ఛాతీ లోతుకు వెళ్లేసరికి ఎంత తోడినా చేతికి చిక్కదు. సిగ్నల్ మాత్రం గట్టిగానే మోగుతుంది. తోడాక జానెడు పక్కకు జరిగి మళ్లీ మోగుతుంది. నింద ఎప్పుడూ అలల మీదికో, మెత్తటి ఇసుక మీదికో పోతుంది. అసలు దోషం కాయిల్ (డిటెక్టర్ కింది చివరన ఉండే పళ్లెం లాంటి భాగం) వాలుది! ఈ సీజన్‌లో ఇంత సంతోషం కలిగించిన సంగతి ఇంకోటి లేదు, ఎందుకంటే ఈసారి ఊహ కాదు, కొలతలున్నాయి.

పరీక్ష ఇలా. 60 గ్రాముల సీసం గుండుకు సన్నటి నైలాన్ దారం కట్టి, ఇసుకలో 30 సెం.మీ. లోతున పూడ్చాలి. దారం కాయిల్‌కు అడ్డం రాకుండా పక్కకు వదులుగా పడేయాలి. 10 అంగుళాల డీడీ కాయిల్‌తో (లోపల రెండు ‘డి’ ఆకారపు తీగచుట్లు ఉండేది) మామూలుగా పిన్‌పాయింట్ చేసి, అంటే టార్గెట్ సరిగ్గా ఎక్కడుందో పట్టి, సిగ్నల్ నడిమధ్య ఉందనిపించిన చోట కాయిల్ ఆపి, దాని మడమను (మన వైపు అంచును) ఆనించి ఒక పీవీసీ గొట్టం పాతాలి. ఇప్పుడు కాయిల్ తీసేసి దారాన్ని నిటారుగా బిగించి లాగితే గుండు అసలు ఎక్కడుందో కనిపిస్తుంది. ఈ కాయిల్ మడమ నుంచి నడిమికి దాదాపు 12.5 సెం.మీ. కాబట్టి గొట్టానికీ దారానికీ మధ్య అంతే దూరం ఉండాలి. మొలలోతు వరకు ఒకటి రెండు సెంటీమీటర్ల తేడాతో అలాగే వచ్చింది. ఛాతీ లోతులో వచ్చింది 1.5 నుంచి 3 సెం.మీ. మాత్రమే. అంటే గుండు కాయిల్ నడిమి కింద లేదు, మడమ కింద ఉంది. తేడా ప్రతిసారీ మనిషి వైపుకే, ఒక్కసారి కూడా అవతలికి పోలేదు.

కారణం జామెట్రీలో ఉంది. తీరం దగ్గర నిలబడి కాయిల్‌ను నేలకు సమాంతరంగా బిగించుకుంటాం. అప్పుడు షాఫ్ట్ (డిటెక్టర్ కర్ర) నేలతో 35-40 డిగ్రీల కోణంలో ఉంటుంది. లోతుకు పోయేకొద్దీ చెయ్యి ఒంటికి దగ్గరవుతుంది, షాఫ్ట్ 55-60 డిగ్రీలకు లేస్తుంది. కాయిల్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే బోల్టు బిగించే ఉంది కాబట్టి కాయిల్ కూడా షాఫ్ట్‌తో పాటే తిరిగి, ముక్కు (ముందు అంచు) కిందికి వాలి, మడమ పైకి లేస్తుంది. సుమారు 20 డిగ్రీల వాలు. మురికి నీళ్లలో ఇది కంటికి కనిపించదు. వాలిన కాయిల్ ‘కింద’ అని చూపించే దిక్కు మన పాదాల వైపు ఉంటుంది. తేడా ఎంతంటే, లోతును వాలు కోణపు ట్యాంజెంట్‌తో గుణిస్తే వచ్చేంత: 10 డిగ్రీలు, 20 సెం.మీ. లోతుకు 3.5 సెం.మీ.; 15 డిగ్రీలు, 25 సెం.మీ.కు 6.7, 20 డిగ్రీలు, 30 సెం.మీ.కు 10.9. స్కూప్ నోరు ముందు వెనకలుగా 18 సెం.మీ., అందులో సగం 9. పదకొండు సెంటీమీటర్ల తేడా వస్తే టార్గెట్ స్కూప్ అంచుకు ఇవతలే మిగిలిపోతుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒక స్కూప్ తోడగానే గుంట గోడలు జారి, టార్గెట్ గుంట అడుగుకు దొర్లుతుంది. 30 సెం.మీ.లో ఉన్నది 38కి పోతుంది. అదే వాలుతో మళ్లీ పిన్‌పాయింట్ చేస్తే తేడా ఇప్పుడు దాదాపు 14 సెం.మీ. గురి తప్పిన ప్రతి స్కూప్ తర్వాతి గురిని ఇంకా చెడగొడుతోందన్నమాట. పైగా కదిలిన ఇసుక నీళ్లతో కలిసి చిక్కటి జావలా అయిపోతుంది. దాని సాంద్రత నీటికి రెండింతలకు మించదు. సీసం 11.3, 22 క్యారెట్ల బంగారం 17 పైన, కాబట్టి అవి నేరుగా దిగిపోతాయి. అల్యూమినియం 2.7 మాత్రమే కనుక డబ్బా మూతల రింగులు పైపైనే దొరుకుతాయి. ఉంగరం నిలువుగా తిరిగితే కాయిల్ వైపు చూసే వైశాల్యం తగ్గి సిగ్నల్ సన్నబడుతుంది. ‘టార్గెట్ మాయమైంది’ అనుకునే సందర్భాల్లో చాలావాటికి ఈ రెండే కారణమని నా అనుమానం. ఉంగరంతో పరీక్ష ఇంకా పెట్టలేదు; గుండు ఎటు తిరిగినా ఒకటే కదా, దానితో ఇది తేలదు.

దీనికి మందు రెండు రకాలు. ఒకటి, లోతు మారినప్పుడల్లా బోల్టు సడలించి కాయిల్ కోణం మళ్లీ సరిచేయడం. సరిగ్గా ఉందో లేదో చేతికే తెలుస్తుంది. కాయిల్‌ను మెల్లగా ఇసుక మీద ఆనించి హ్యాండిల్‌ను కొద్దిగా నొక్కాలి. ముక్కు ఒక్కటే తాకుతుంటే కాయిల్ ముందుకూ వెనక్కూ ఊగి, మడమ ఆలస్యంగా దిగుతుంది. సమంగా ఉంటే ఒకేసారి ఆనుతుంది, ఊగదు. రబ్బరు వాషర్లు అరిగితే అల తాకిడికే కాయిల్ వాలిపోతుంది. దాన్ని ఆపాలని నైలాన్ బోల్టును బలంగా బిగిస్తే కాయిల్ చెవులు (బోల్టు దూరే కొసలు) పగులుతాయి. వాషర్లు మార్చడమే మంచిది, బలం కాదు.

రెండోది నాకు ఎక్కువ నచ్చింది. డీడీ కాయిల్ స్పందన మడమ నుంచి ముక్కు దాకా సన్నటి పట్టీలా ఉంటుంది. ఎడమ కుడి ఇట్టే తేలుతుంది, ముందు వెనకలే తేలవు. నేల మీదైతే 90 డిగ్రీలు తిరిగి ఇంకోసారి ఊపుతాం. నీళ్లలో అలా చుట్టూ నడిస్తే పాదాలే ఇసుకను కెలుకుతాయి. అందుకని కాయిల్‌ను చిన్నగా అటూ ఇటూ ఆడిస్తూ తిన్నగా మన వైపు లాగాలి. సిగ్నల్ తెగిన క్షణాన టార్గెట్ ముక్కు కొసన ఉన్నట్టు. వాలిన కాయిల్‌తో చేసినా దారం పరీక్షలో తప్పు 3-4 సెం.మీ. దాటలేదు. ముక్కు ఇసుకకు ఆనుకుని ఉండటం వల్లే అనుకుంటున్నాను.

స్కూప్‌ను వెంటనే ఎత్తేయకుండా, గుంట మీద కాయిల్ ఒకసారి తిప్పాకే ఎత్తాలి. ఈ అలవాటు చాలా శ్రమ తప్పించింది.

పరికరాల మాటకొస్తే, ఎక్స్‌కాలిబర్ 2 డిటెక్టర్ స్వరం వినడానికి ఇప్పటికీ హాయిగా ఉంటుంది, కానీ కాయిల్ విడదీయలేం, మార్చలేం. ఈక్వినాక్స్ 800 డిటెక్టర్‌కు నీళ్లలో 3 మీటర్ల లోతు హద్దు ఉంది. నడిచి వెతకడానికి అది చాలు, డైవింగ్‌కు చాలదు. చేత్తో పట్టుకుని గుంటలో వెతికే చిన్న డిటెక్టర్ గారెట్ ప్రో-పాయింటర్ ఏటీ 6 మీటర్ల వరకు నీళ్లకు ఓర్చుకుంటుంది, పక్క నుంచి కూడా పసిగడుతుంది. అయితే ఛాతీ లోతులో చెయ్యి అడుగుకు అందాలంటే తల ముంచాల్సిందే, కాబట్టి మాస్కు లేకుండా దాని ఉపయోగం తక్కువ. ఉప్పు నీళ్లలో మునిగాక రీట్యూన్ చేయకపోతే (మళ్లీ సర్దుబాటు చేయకపోతే) అనవసరంగా కూస్తుంది. 14 మి.మీ. రంధ్రాల స్కూపులను ఎందుకంత పొగుడుతారో అర్థం కాదు. ఇసుక తొందరగా రాలుతుంది నిజమే, సన్నటి గొలుసు కూడా దాంతో పాటే రాలుతుంది.

తర్వాత చేయాల్సినవి: సిమెంటు నింపిన అరడుగు పీవీసీ ముక్కతో ఇనుము లేని గుర్తు ఒకటి చేయాలి, తాడు కట్టి నడుముకు వేలాడదీసుకుంటే సిగ్నల్ తెగిన చోటే వదిలేయొచ్చు. 10 మి.మీ. రంధ్రాల స్కూప్‌తో ఇసుక జారడానికి ఎంత సేపు ఎక్కువ పడుతుందో గడియారం పెట్టి చూడాలి. దారం పరీక్షను గుండుకు బదులు పాత ఉంగరంతో, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చేయాలి. షాఫ్ట్ మీద 40, 50, 60 డిగ్రీలకు రంగు టేపు గుర్తులు అంటించి, ఒక్కో లోతుకు బోల్టు ఎక్కడ ఉండాలో పట్టిక రాసుకోవడం అన్నిటికన్నా ముందు.